నత్తల రేసులో హారన్ ఓటు

హలో, హలో... అందరూ లైన్లోకి వచ్చారా? పొయ్యి మీద ఏమైనా ఉంటే ముందు కట్టేసి రండి, ఆగుతాను. ఈ కథ మా చిన్నాన్న కూతురిది. చెల్లెలు చెప్పుకుంటూ పోయింది, నేను రాసుకుంటూ పోయాను. మధ్యలో నా తెలివితేటలు కలపలేదు. ఇక్కణ్ణుంచి 'నేను' అంటే తనే. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, అక్షరాలు అటూ ఇటూ అయితే మీరే సర్దుకోండి.

శనివారం పొద్దున బాత్రూంలో చిన్న స్టూలు మీద కూర్చుని మా ఆయన రేసు డ్రెస్సు కాలరు రుద్దుతున్నాను. గ్రీజు మరక. అది పోదని నాకు తెలుసు. అయినా ప్రతి శనివారం రుద్దుతాను, రుద్దకపోతే "కనీసం ప్రయత్నం కూడా చెయ్యలేదు" అంటారు కాబట్టి. పక్కన బకెట్లో నా డ్రెస్సు కూడా నానుతోంది. ఆయన పాతదే, చేతులు మడిచి కుట్టుకున్నాను. దానికి బ్రష్షు దాకా వంతు రాదు, ఉత్త నీళ్ళలో జాడించి ఆరెయ్యడమే. ఆయన తలుపు దగ్గర నిలబడి పళ్ళు తోముకుంటూ, నోట్లో నురగతోనే అన్నారు: "రేపటితో ఈ నత్తల గోల వదిలిపోతుంది. నెమ్మది కార్లలో పోటీ ఏముంటుంది, ఊరేగింపు తప్ప."

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

నత్తలంటే మా కార్లే. మా ఆయనకీ ఆయన స్నేహితులకీ ఆదివారం రేసుల పిచ్చి. దాని మీద బతికేవాళ్ళు ఎవరూ లేరు. ఒకాయనది టైర్ల షాపు, క్లబ్బుకి పెద్ద ఆయనే. ఇంకొకాయనది బేకరీ. మా ఆయన నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో సేల్స్. ఊరి బయట, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటుంది. దాని మీద పాత టైర్లు పేర్చి మలుపులు చేసుకుని, అందరూ ఒకే రకం చిన్న కార్లలో పరిగెడతారు. ఎంత తొక్కినా పెద్ద వేగం రాదు, అందుకే ఆ పేరు. రన్‌వే అద్దెకిచ్చేవాడు నిండుగా కార్లు రాకపోతే గేటు తియ్యడు. రెండేళ్ళ కిందట ఒకాయనకి నడుం పట్టేసి రావడం మానేశాడు. ఒక కారు తక్కువైంది. అప్పుడు గుర్తొచ్చాను నేను. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. షాపుకి వెళ్ళే నా కారు కూడా ఆ రకమే. పెళ్ళికి ముందు నా జీతంతో కొనుక్కున్నది. "ఊరికే అందరి వెనకాల తిరుగుతూ ఉండు, లెక్కకి పనికొస్తావు" అన్నారు మా ఆయన.

లెక్కకే వెళ్ళాను. మొదటి రోజు హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించుకోగానే చెవుల్లో ఒక నిశ్శబ్దం. పెళ్ళయ్యాక అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అందులో అత్తయ్య పిలవదు, ఫోను మోగదు, సాక్సు ఎక్కడున్నాయో ఎవరూ అడగరు. కొన్నాళ్ళకి ఇంకో సంగతి తెలిసింది. నెమ్మది కార్లలో ఎవడూ ఎవణ్ణీ వదిలించుకుని పారిపోలేడు. ముందున్న కారు గాలిని కోసుకుంటూ పోతుంది, ఆ చాటున వెనకవాడు సులువుగా దగ్గరికొచ్చేస్తాడు. మలుపులో ముందువాడు కాస్త వెడల్పుకి జారాడంటే లోపలి నుంచి ఇద్దరు దూరిపోతారు. వాళ్ళు తప్పు చేస్తే మళ్ళీ వాడు. రేసంతా ఒకళ్ళ తలుపు ఒకళ్ళకి రాసుకుంటున్నట్టే ఉంటుంది. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే ఇంజిను, తేడా అంతా కాళ్ళలో, కళ్ళలో. నా కళ్ళు బాగా పనిచేస్తాయి, రోజంతా నా పనే అది. మెల్లగా వెనకనుంచి మధ్యకి వచ్చాను. మధ్యనుంచి ఒకసారి మా ఆయన వెనక్కి వచ్చాను. అప్పుడు చూశాను, ఆయన కార్లో లోపలి అద్దంలో ఆయన కళ్ళు. నన్నే చూస్తున్నాయి. నేను ఎటు వస్తున్నానో, ఏం చెయ్యబోతున్నానో అని మలుపు మలుపుకీ చూస్తున్నాయి. ఇంట్లో నేను జుట్టు కత్తిరించుకున్నా ఆయన గమనించరు. జ్వరంతో వంట చేసినా "ఏంటి, ఉప్పు తగ్గింది" అంటారు. అప్పట్నుంచి, వారానికి ఒక్కసారి, ఆ చిన్న అద్దంలోనే నా మొగుడు నన్ను చూస్తున్నాడు. పోయిన నెల దాటేశాను. దాటాక వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆ తరవాతే మొదలైంది, నత్తలు దండగ, గుర్రాలు కొనాలి అని. గుర్రాలంటే వేగం కార్లు.

"మన రెండు నత్తలూ ఇచ్చేసి ఒక గుర్రం తీసుకుంటున్నాం" అన్నారు నురగ ఉమ్మేసి.

"నా కారు కూడానా? నేను షాపుకి ఎలా వెళ్ళనండీ?"

"బస్సులెందుకున్నాయి? ఊరంతా వెళ్ళట్లా? పైగా ఇక నీకు ఆదివారాలు ఖాళీ. అమ్మ దగ్గర కూర్చోవచ్చు."

హాల్లోంచి అత్తయ్య అందుకుంది. "నా దగ్గర కూర్చుంటుందా మహారాణి? ఫోన్లో మా అక్క అడిగితే ఏం చెప్పనురా, కోడలు ఆదివారం రేసుకెళ్ళిందని చెప్పనా? షాపుకెళ్ళిందని చెప్తున్నా. ఈ వయసులో నాతో అబద్ధాలు ఆడిస్తున్నారు!"

నేను మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాను. ఏం చెయ్యను? షాపులో కూడా అంతే. చూపు ఆనక వచ్చినవాళ్ళు నేను బిగించిన అద్దాలు పెట్టుకుని "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో" అని ఓనరుకి దండం పెడతారు. ఓనరు నావైపు తిరిగి "అమ్మాయ్, సారుకి టీ" అంటాడు. టీ తెస్తాను. రోజులన్నీ ఇలాగే పోతాయి, పోనీ. ఆదివారం ఒక్కటి ఉంది కదా అనుకుని మిగిలిన ఆరూ మింగుతున్నాను. ఆ ఒక్కటీ పోతే మింగడానికి గొంతు ఎక్కడిది? బకెట్ మీదకి వంగాను. కుళాయి తిప్పి నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. అందులో కూడా జాగ్రత్తే, నీళ్ళు వృథా అవుతున్నాయని అత్తయ్య అరవకుండా సన్నగా తిప్పాను.

ఆదివారం మామూలుగానే లేచి బ్రెడ్డు ముక్కలు, ఉడకబెట్టిన గుడ్లు, ఫ్లాస్కుల్లో టీ, అందరికీ నేనే కట్టాను. క్లబ్బులో నేనొక్కదాన్నే ఆడదాన్ని, కాబట్టి ఫలహారాల విభాగం నాది. రేసు ముగించి దిగిన మగవాళ్ళు నీడలో కూర్చుంటారు, రేసు ముగించి దిగిన నేను కప్పులు అందిస్తాను. టైర్లాయన ఆ రోజు ఏర్పాటు ఇలా చేశాడు: ముందు నత్తల రేసు, తరవాత పక్క ఊరి క్లబ్బు నుంచి నడిపేవాళ్ళతో సహా అరువు తెచ్చిన గుర్రాల రేసు, రెండూ చూసి ఓటు. ఏది పోటీగా ఉంటే అదే ఇకముందు క్లబ్బు రేసు.

కార్లు వరసలో పెడుతుంటే మా ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చి వంగారు. గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనం నాకు భయం. "చూడు, ఇవాళ అతి చెయ్యకు. నా వెనకే ఉండు. దాటకు. ఇంట్లో ప్రశాంతంగా ఉందాం."

జెండా ఊపారు. రేసు మొదలైంది. బేకరీ అన్నయ్య ఒక్కడే కాసేపు అటూ ఇటూ ప్రయత్నించాడు, ఇంజిను దగ్గి పక్కకి ఆగిపోయాడు. మిగిలిన మగాళ్ళకి ముందే మాట అయిపోయినట్టుంది, ఎవరి చోట్లో వాళ్ళు నింపాదిగా పోతున్నారు. మా ఆయన అందరికన్నా ముందు, వెనక నేను. చివరి చుట్టులో ఆయన పాత అలవాటు కొద్దీ పెద్ద మలుపులో వెడల్పుకి జారారు. లోపల లారీ పట్టేంత ఖాళీ. నా కాలు దానంతట అదే తొక్కింది. ఆయన తలుపు పక్కకి నా తలుపు వచ్చేసింది. ఆయన తల తిప్పి నన్ను చూసి, కాదన్నట్టు మెల్లగా ఊపారు. అంతే. ఇంట్లో చుట్టాల ముందు నేను నోరు తెరవబోతే ఊపే ఊపు అదే.

నేను కాలు తీసేశాను.

నా కారు వెనక్కి జారింది. ఆయన గీత దాటారు. నేను ఆయన వెనక, మిగతావాళ్ళు నా వెనక. దిగి హెల్మెట్ తీస్తూ అందరికీ వినపడేలా నవ్వారు: "చూశారుగా! ఒకణ్ణి ఒకడు దాటాడా? నే చెప్పలా, ఊరేగింపు అని. మేళం ఒక్కటే తక్కువ!"

అందరూ నవ్వారు. ఆయన చూపిస్తున్న సాక్ష్యం నేనే. నేను తీసిన కాలే. నోరు మూసుకుని సర్దుకుపోయినందుకు ఇంట్లో ఎలాగైతే "దానికి ఏమీ అక్కర్లేదండీ, అది అలాగే ఉంటుంది" అంటారో, ఇదీ అంతే. నన్ను ఆపేది ఆయనే. ఆగిపోయాక, చూశారా దీనికి కదలడం రాదు అని లోకానికి చూపించేదీ ఆయనే.

తరవాత గుర్రాలు వచ్చాయి. అబద్ధం ఎందుకు, ఒళ్ళు జలదరించింది. అంత వేగంలో బ్రేకు ఎక్కడ తొక్కాలో తెలియాలంటే గుండె కావాలి, అదీ ఒప్పుకుంటాను. కానీ రెండు చుట్లు తిరిగేసరికి ఖరీదైన కారు ఎక్కడో వెళ్ళిపోయింది. రెండోది సగం రన్‌వే వెనక, మూడోది ఇంకా వెనక. ఎవరికి వాళ్ళే ఒంటరిగా, చప్పుడు చేసుకుంటూ. మొదటివాడు ఒక్కసారి కూడా అద్దం చూసుకోలేదు. చూసుకోవాల్సిన పని లేదు వాడికి.

నీడలో కప్పులు అందిస్తుంటే మాటలు పెరిగాయి.

"అదీ రేసంటే! నేల అదిరింది బాసూ" అన్నాడు టైర్లాయన.

బేకరీ అన్నయ్య బ్రెడ్డు పక్కన పెట్టాడు. "నేల అదిరితే పోటీ అవుద్దా? రోడ్డు రోలరు పోతే కూడా అదురుద్ది. ఎవడు ఎవణ్ణి దాటాడో చెప్పు. వాడి కారు మంచిది, వాడు గెలిచాడు. ఆ మాత్రం దానికి తిరగడం ఎందుకు, బిల్లులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే సరిపోలా?"

"నత్తల్లో మాత్రం ఎవడు దాటాడు?"

"ఇవాళ దాటలేదు. ఎందుకు దాటలేదో నన్నడక్కు." అన్నయ్య నావైపు చూశాడు. "ఏం చెల్లెమ్మా, అంత ఖాళీ దొరికిందిగా. నేను పక్కన నిలబడి చూశాను. కాలెందుకు తీశావు?"

అందరూ నన్ను చూశారు. నా చేతిలో ఫ్లాస్కు ఉంది. నోరు తెరిచాను. మా ఆయనే జవాబిచ్చారు: "భయపడింది. ఆడవాళ్ళు కదండీ, నత్తకే భయపడతారు. నువ్వు టీ పొయ్యి."

పోశాను.

మా క్లబ్బులో ఓటుకి చేతులెత్తడం ఉండదు. ఎవరి కార్లో వాళ్ళు కూర్చుని హారన్ కొట్టాలి. కారుకో ఓటు. మొదట్లో సరదాకి పెట్టుకున్నారు, అదే పద్ధతైంది. టైర్లాయన మధ్యలో నిలబడి లెక్కపెడతాడు. వరసగా కార్లన్నీ ఆపుకుని కూర్చున్నాం. నేను నా సీట్లో కూర్చున్నాను. కిటికీ దించి ఉంది, ఎండ లోపలికి కొడుతోంది. మా ఆయన తన కార్లోంచి దిగి, నడుచుకుంటూ వచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డారు.

"గుర్రాలు కావాలనేవాళ్ళు!" అని అరిచాడు టైర్లాయన.

అక్కడొకటి, ఇక్కడొకటి మోగాయి. మా ఆయన తన కారు వైపు చెయ్యి ఊపి "నాదొకటి రాసుకో బాసూ" అన్నారు. నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నా కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. నా మెడ ముందు నుంచి, నేనక్కడ లేనట్టు, సీటు ఖాళీ అన్నట్టు వెళ్ళి నా హారన్ నొక్కింది. ఆ చేతి మీది రేసు డ్రెస్సు నేను ఉతికినదే, సబ్బు వాసన నా ముక్కుకి తగిలింది.

"ఇంకోటి!" అన్నారు మా ఆయన. ఎవరో నవ్వారు. "ఫ్యామిలీ ప్యాకేజీ!"

నా కారు చేత నా కారునే అమ్మించేశారు. రెండేళ్ళు కాదు, పెళ్ళైనప్పటి నుంచి జరిగిందంతా ఆ ఒక్క చెయ్యే అనిపించింది. నా తరఫున మాట్లాడిన చెయ్యి, నా తరఫున నవ్విన చెయ్యి, భయపడిందని చెప్పిన చెయ్యి. దాన్ని నేను ఇన్నాళ్ళూ నాదే అనుకుని ఊరుకున్నాను. రేపు బస్సు, ఎల్లుండి బస్సు, ఆదివారం అత్తయ్య కాళ్ళు. తల దాచుకోవడానికి ఒక హెల్మెట్ కూడా ఉండదు. నిజంగా చెప్తున్నాను, ఆ క్షణం బతకడం ఎందుకనిపించింది. ఆయన చెయ్యి ఇంకా కిటికీ అంచు మీదే ఉంది.

"నత్తలే ఉండాలనేవాళ్ళు!"

బేకరీ అన్నయ్య కొట్టాడు. ఇంకెవరో కొట్టారు. తరవాత ఎవరూ లేరు. టైర్లాయన వేళ్ళు మడుస్తున్నాడు.

"చెయ్యి తియ్యండి" అన్నాను.

"ఏంటి?"

"అద్దం ఎక్కించుకోవాలి. చెయ్యి నలుగుతుంది."

ఆయనకి అర్థం కాలేదు. నేను పిడి తిప్పడం మొదలుపెట్టాను. అద్దం కిరకిరలాడుతూ పైకి లేస్తుంటే చెయ్యి తప్పనిసరై వెనక్కి తీసుకున్నారు. అద్దం పూర్తిగా మూసుకుంది. అవతల ఆయన పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. నేను రెండు అరచేతులూ హారన్ మీద పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కాను. టైర్లాయన చెవులు మూసుకుని, ఒక కారుకి రెండు ఓట్లు చెల్లవని సైగలు చేస్తున్నాడు. మొదటిది నాది కాదు, అందుకే నాకు ఆ లెక్కతో పని లేదు. మా ఆయన అద్దం మీద కొడుతున్నారు, కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నారు. చూడనీ. నేను చేతులు తియ్యలేదు.

అంతేనమ్మా, తను ఇక్కడిదాకానే చెప్పింది. నేనూ ఇంకేమీ అడగలేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలా నోరు కట్టుకుని కూర్చున్న మనిషి ఎవరైనా ఉంటే, ఈ కథ ముందు ఆమెకి పంపండి. ఆ తరవాత ఆ ఇంటాయనకి కూడా పంపండి, మొహమాటపడకండి.