ఇంజనుకు వేసే దండ

దసరా వచ్చిందంటే రైలు డ్రైవరు సీమోను తన ఇంజనుకు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి గానీ బండి కదిలించేవాడు కాదు. చర్చికి పోయే మనిషికి ఇదేం పూజ అని పాస్టరు ఎంత గొణిగినా సరే, డ్రైవరు ధర్మం డ్రైవరుదే.

డెబ్బై ఒకటిలో యుద్ధం వచ్చింది. సరిహద్దుకు మందుగుండు బండ్లు నడపడానికి ఇష్టమున్నవాళ్లు రమ్మంటే, అందరికన్నా ముందు సీమోనే చెయ్యెత్తాడు.

యాకుత్‌పురా క్వార్టరులో భార్య రాజమణి లొల్లి పెట్టింది. "సర్కారు కొలువాయె, నెల తిరిగితే జీతమాయె. నీకేం తక్కువైందని పోతున్నవ్?"

"ఇన్నేండ్ల సంది ఇంజనుకు దండేస్తున్న. నాకెవడన్న ఒక్క దండేసిండా?"

"సస్తె గూడ ఏస్తరు, ఎరికేనా?"

సీమోను నవ్వి వెళ్లిపోయాడు.

సరిహద్దు దగ్గర బాంబు పడి చివరి పెట్టె అంటుకుంది. పారిపొమ్మని అందరూ అరిచారు. అతను దిగి, వెనక్కి పరుగెత్తి, మండుతున్న పెట్టె కొక్కెం విప్పేసి, మిగతా బండిని ఫౌజుకు చేర్చాడు.

యుద్ధం గెలిచాక సీమోను తిరిగొస్తే యాకుత్‌పురా స్టేషనులో మర్ఫా డప్పులు మోగాయి. "సీమోన్ భాయ్ జిందాబాద్!" దండలు గడ్డం దాటి కళ్లదాకా వచ్చాయి. జనాన్ని తోసుకుంటూ రాజమణి వచ్చింది. ఆమె చేతిలో దండ లేదు. సీమోను మొహం చిన్నబోయింది.

రాజమణి గొంతుక్కూర్చుని అతని బూట్ల ముందు రెండు నిమ్మకాయలు పెట్టింది. లేచి, కొబ్బరికాయ దిగదుడిచి ప్లాట్‌ఫారం మీద ఫెడీమని కొట్టింది.

"ఇగ కదులు," అంది కళ్లు తుడుచుకుంటూ.

సీమోను నోటితోనే కూతేసి, కదిలాడు.