ఫిబ్రవరిలో గుర్రం పాలు

జ్యూరీ గదిలో మేం పదిమందిమి, పదకొండో మనిషి జడ్జి. మాతోపాటే కూర్చుంటాడు, మాతోపాటే ఓటేస్తాడు. మా చట్టం అంతే. గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్ద కుర్చీ ఆయనకు వదిలేశాం. అందరికంటే చిన్నదాన్ని కనుక ఎవరూ చెప్పకుండానే నేను చాయ్ కాచే సమోవార్ పక్కన చేరాను.

తేలాల్సింది ఒకటే: పొరుగువాణ్ణి చంపింది దౌరెనేనా? చూశానన్నది ఒక్కడే, పట్నం నుంచి వచ్చిన వడ్రంగి ఎసిర్కెప్. "ఫిబ్రవరిలో, పొద్దుగూకే వేళ. వీధి చివరింట్లో గుర్రం పాలు పితుకుతుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడే వీడు గొడ్డలితో పరిగెత్తాడు" అన్నాడు. మా పల్లెల్లో ఏప్రిల్ దాటితేగాని గుర్రాలు ఈనవు. మంచులో పాలెక్కడివి? దౌరెన్ లాయరూ పట్నంవాడే. ఆ మాట పట్టుకోలేదు.

చెప్పాలనుకున్నాను. చాయ్ పోస్తూ మాటలు కూర్చుకుంటుండగా జడ్జి గొంతు సవరించుకున్నాడు.

"నాకైతే అనుమానం లేదు. మీ మనసులో మాట మీరు చెప్పండి. మొహమాటం వద్దు."

"పెద్దవారు మీరన్నాక మేమేం చెప్తాం, ఆగా?" అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు కెంజెతాయ్.

"మన కోడలుపిల్లని అడగండి" అంది ఉరాల్‌ఖాన్ అక్క నన్ను చూపిస్తూ. మా ఊళ్ళల్లో పెళ్ళైన చిన్నవాళ్ళందరూ పెద్దలకు కోడళ్ళే. "నోరు లేదుగానీ చాయ్ భలే పోస్తుంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చీటీలు పంచారు. అందరూ ఒకవైపుంటే నా ఒక్క చీటీ ఏం చేస్తుంది, పైగా అది నాదేనని తెలిసిపోతుంది అనుకున్నాను. 'దోషి' అని రాశాను.

జడ్జి లెక్కపెట్టాడు. దోషి అని ఆరు. కాదని ఐదు. ఆరు చాలు.

కోర్టులో తీర్పు చదివారు. పద్దెనిమిదేళ్ళు.

తర్వాత కోట్లు తొడుక్కుంటుంటే కెంజెతాయ్ గొణిగాడు. "ఫిబ్రవరిలో గుర్రం పాలట, దొంగవెధవ."

"ఆ ముక్క లోపల అనడానికి ఏమొచ్చిందయ్యా?" అంది ఉరాల్‌ఖాన్.

"నీకు తెలీదా? నువ్వెందుకు అనలేదు?"

ఆమె బొత్తాలు పెట్టుకోవడంలో మునిగిపోయింది.

మెట్ల మీద దౌరెన్ తల్లి నా చేతులు రెండూ పట్టుకుంది.

"తీర్పు చదివేటప్పుడు అందరూ నేల చూపులు చూశారు తల్లీ. నువ్వొక్కదానివే నా కొడుకు మొహం చూశావు. వాడు చెయ్యలేదనే రాసుంటావు, నాకు తెలుసు. నీ కడుపు చల్లగా ఉండాలి."

నేను కాదనలేదు. ఆ దీవెన తీసుకుని బస్సెక్కాను.