కింది గొంతు

పాటల బృందంలో చేరితే తన గొంతు ఎవరికీ వినబడదని చిట్టెమ్మ అందులో చేరింది. వింటే ఎవరైనా నవ్వుతారు గానీ ఆమె లెక్క ఆమెకుంది. యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీకి వచ్చి సగం ఏడాది గడిచినా క్లాసులో నోరు విప్పింది లేదు. హాజరు పలికితే ఆ మాట పక్క బెంచీ దాటేది కాదు. సెమినార్ రోజున లేచి నిలబడింది గానీ ఒక్క ముక్కా చదవలేదు. రాసుకొచ్చిన కాగితాలు లెక్చరర్ చేతికిచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం హాస్టల్లో గోడవైపు తిరిగి పడుకుంటే గదిలో తోడుండే ప్రవళిక ఊరుకోలేదు.

"ఇట్ల మూలకు పంటె ఏమొస్తది? మా క్వాయర్‌కు రా. అంతమంది పాడుతుంటె నీ గొంతు నీకే వినబడది."

"మీ దేవుని పాటలు నాకేం తెలుసు?"

"మీ నాట్ల పాటలు నాకు తెలుసా? నీ కాడ నేర్చుకోలేదా మొన్న? నడు."

ప్రవళికది మెదక్ వైపు పల్లె. చిన్నప్పటినుంచీ చర్చిలో పాడిన పిల్ల. ఆమె వెంట చిట్టెమ్మ క్యాంపస్ గేటు దాటి, బస్సుల రొదలో తార్నాక చౌరస్తా దాటి, ఒక సందులో స్కూలు మేడమీదున్న హాలు దాకా వెళ్ళింది.

అక్కడ అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు. హాస్టల్ పిల్లలు, లాలాగూడ రైల్వే క్వార్టర్ల వాళ్ళు, హబ్సిగూడ సైన్సు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. ఎవరికీ ఇది కూడు పెట్టే పని కాదు. ఆఫీసు సంచులు గోడవారగా పెట్టి, చాయ్ తాగి, వరుసల్లో నిలబడతారు. నేర్పే ఇమ్మానుయేల్ సార్ కూడా పగలంతా బడిలో లెక్కలు చెప్పే మనిషే. క్రిస్మస్ ముందు శనివారం యూనివర్సిటీ ఆడిటోరియంలో ప్రోగ్రాం ఉంది.

ఆయన చిట్టెమ్మ చేత రెండు ముక్కలు పాడించి, "నీది కింది గొంతు బిడ్డా. ఆల్టోలో నిలబడు" అన్నాడు.

అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. పై గొంతు ఆడవాళ్ళు పాట అసలు రాగం పాడతారు. కింది గొంతు వాళ్ళను ఆల్టో అంటారు. వాళ్ళు అవే మాటలను వేరే రాగంలో పాడాలి. మగవాళ్ళవి మరో రెండు రాగాలు. అన్నీ కలిస్తేనే పాట. విడిగా ఆల్టో రాగం వింటే అది పాటలాగే ఉండదు, పక్కింటి మాటలు గోడ ఇవతల వింటున్నట్టుంటుంది.

చిట్టెమ్మ ఊళ్ళో పాట అట్లా ఉండదు. నాట్లప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్ళంతా అదే రాగాన్ని అందుకోవాలి. పక్కదానికి వేరుగా పాడినదాన్ని "గుంపు విడిసిన గొర్రె" అని ఏడిపించేవాళ్ళు. వినడం, విన్నదానిలో కలిసిపోవడం తప్ప చిట్టెమ్మ గొంతుకు మరో విద్య రాదు. ఇక్కడ అదే తప్పయింది. ఎంత సరిగ్గా మొదలుపెట్టినా నాలుగు మాటలు పోయేసరికి పై గొంతులో పాడే ప్రవళిక వాళ్ళ రాగంలో తేలేది.

పక్కన నిలబడే శారద మేడమ్ కర్నూలు మనిషి, ఏదో ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. ఆమె కళ్ళద్దాల మీదుగా చూసేది. "ఏమ్మా, మాటిమాటికి వాళ్ళింటికి పోతావేంది? మనింట్లో కూడు లేదా?"

వెనక వరుసలోని మగపిల్లలు, "ఆల్టోల లిఫ్ట్ పెట్టిచ్చిండ్రు, ఆటోమేటిక్‌గ పైకి పోతున్నది" అని గుసగుసలాడేవాళ్ళు. ఇమ్మానుయేల్ సార్ మాత్రం ఓపికగా చెప్పేవాడు. "వాళ్ళను వినకు బిడ్డా. చెవులు మూసుకో." చిట్టెమ్మ ఒక చెవిలో వేలు పెట్టుకుని చూసింది, రెండో చెవి రెండింతలు వినసాగింది.

ప్రోగ్రాం దగ్గర పడ్డాక ఒక ఆదివారం సార్ ఆమెను మెట్ల దగ్గర ఆపాడు.

"మనసుకు తీస్కోకు. స్టేజీ మీద నిలబడు, నోరు కదుపు. గొంతు మాత్రం ఇడువకు. ఎవరికీ తెల్వది."

చిట్టెమ్మ సరేనని తలూపింది. వినబడకూడదని వచ్చిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ రోజు నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మెస్‌లో పళ్ళెం ముందు పెట్టుకుని అన్నం కలిపిందే కలిపింది. లైబ్రరీలో కూర్చుంటే పేజీ తిరగలేదు. సీతాఫల్‌మండి వైపు పోయే రైలు కూత వినబడితే అది ఏ స్వరమో వెతుక్కునేది. ఎందుకింత కష్టమో ఆమెకే అర్థం కాలేదు. పాడొద్దన్నాకే పాడాలని ఇంత ఆశ ఉన్నట్టు తెలిసింది.

"సార్ ఏమన్నడే?" అని ప్రవళిక అడిగితే, "ఏమనలే" అంది.

తర్వాతి ప్రాక్టీసులో ఊరికే నోరు కదుపుతూ నిలబడింది. పాడే పని లేదు కాబట్టి ఇక వినడమే. మొదటిసారి ఆమె చెవి వెనక్కి పోయింది. వెనక వరుసలో రత్నాకర్ నిలబడతాడు. హబ్సిగూడలో ల్యాబ్ అసిస్టెంటు, ఆరడుగుల మనిషి, బేస్ పాడతాడు. అంటే అందరికన్నా అడుగున ఉండే రాగం. అది పెద్దగా తిరగదు, ఎడ్లబండిలా మెల్లగా పోతుంది. అతని స్వరం మీద తన స్వరం గిన్నె మీద మూతలా కూర్చుంటున్నదని ఆమెకు అనిపించింది. పెదవులు మూసుకుని, తనకు తప్ప ఎవరికీ వినబడనంత సన్నగా రాగం తీసింది. జారలేదు. ప్రోగ్రాంలోని మూడో పాట రెండుసార్లు పాడించారు, రెండుసార్లూ జారలేదు.

అంటే వినడం మానక్కర్లేదు. ఎవరిని వినాలో తేల్చుకుంటే చాలు.

కానీ సన్నగా రాగం తీయడం వేరు, గొంతెత్తి పాడటం వేరు. గదిలో సాధన చేద్దామంటే రత్నాకర్ గొంతు అక్కడ లేదు. మిగిలిన ఒక్క ప్రాక్టీసులోనూ ఎవరికీ చెప్పలేక అట్లాగే సన్నగా తీసింది. ప్రోగ్రాం రోజున తెల్ల చీర కట్టుకుని, ఆడిటోరియం వెనక వరండాలో సార్ కోసం ముళ్ళమీద ఉన్నట్టు నిలబడింది.

"సార్, మూడో పాట నేను పాడుత."

"ఇయ్యాలనా?"

"ఇప్పుడు నాకు నిలబడ్తది సార్."

"ఎవరి ముంగట పాడినవ్?"

"ఎవరి ముంగటా పాడలే."

ఆయనకు నవ్వొచ్చింది, కోపం రాలేదు. "పరీక్ష రాయనోళ్ళను పాస్ చేస్తనా నేను? ఇది అందరి కష్టం బిడ్డా. నోరు కదుపు, చాలు."

ఆయన మాటలో తప్పేం లేదు. చిట్టెమ్మ స్టేజీ ఎక్కి మొదటి పాటకు నోరు కదిపింది. రెండో పాటకూ కదిపింది. ఎదురుగా కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఎవరూ తనను చూడటం లేదు, అయినా ఒంటిమీద చీమలు పాకినట్టుంది.

మూడో పాట బేస్‌తో మొదలవుతుంది. వెనక నుంచి రత్నాకర్ గొంతు వచ్చింది. ఆల్టోల వంతు వచ్చేసరికి చిట్టెమ్మ నోటితో పాటు గొంతూ లేచింది. శారద మేడమ్ తల తిప్పకుండానే ఉలిక్కిపడింది. మొదటి చరణం నిలబడింది. రెండో చరణంలో పై గొంతులు అమాంతం పైకెక్కాయి. అందులో ప్రవళిక గొంతు, రోజూ గదిలో వినే గొంతు, చెయ్యి పట్టి లాగినట్టు లాగింది. చిట్టెమ్మ జారింది. ఆమెతో శారద మేడమ్ జారింది, అటు పక్కన డిగ్రీ చదివే మౌనిక జారింది. ఒక పంక్తి మొత్తం ఆల్టో లేకుండా పోయింది. పందిట్లో గుంజ పీకినట్టయింది.

నోరు మూసుకుంటే సరిపోయేది. చిట్టెమ్మ మూసుకోలేదు. రత్నాకర్ గొంతు కోసం చెవితో తడుముకుంది, దొరికింది, మళ్ళీ తన రాగంలోకి వచ్చింది. పాట ముగిసింది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం తెలియలేదు.

లోపలికి రాగానే ఇమ్మానుయేల్ సార్ కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూ ఆల్టోల దగ్గరికొచ్చాడు. ఆయన కళ్ళు చిట్టెమ్మను దాటిపోయాయి. ఆమె పాడలేదని ఆయన ధీమా.

"రెండో చరణం ఎవరు చెడగొట్టిండ్రు? మౌనికా, జలుబున్నది, పాడనా వద్దా అన్నవ్ పొద్దున. నువ్వేనా?"

"లేద్సార్, నేను... నాకు తెల్వదు సార్" అని మౌనిక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

శారద మేడమ్ చిట్టెమ్మ వైపు చూసింది. చూపు తిప్పుకోలేదు.

"నేను సార్" అంది చిట్టెమ్మ. ఆ మాట గది అవతల సంచులు సర్దుకుంటున్నవాళ్ళ దాకా పోయింది. "నేను పాడిన. నేనే జారిన."

"నోరు కదపమంటి గద."

"కదిపిన సార్. గొంతు గూడ వచ్చింది."

ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు. "అందరి కష్టమని చెప్పిన గద నీకు."

"చెప్పిండ్రు."

"మరి?"

చిట్టెమ్మ మౌనిక చెయ్యి పట్టుకుని నిలబడింది. శారద మేడమ్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మొదటి చరణం మాత్రం బాగనే నిలబడింది సార్. జారినాక ముందుగా తిరిగొచ్చింది కూడా ఈ పిల్లే. నేను దాన్ని పట్టుకోని వస్తి. అయినా చెప్పకుండా పాడేది ఏం పద్ధతమ్మా? గుండె ఆగినంత పనాయె నాకు."

సార్ కర్చీఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కొత్త సంవత్సరం మొదటి ప్రాక్టీసుకు రా. అందరి ముంగట ఒక్కదానివే పాడాలె. నిలబడితె ఉంటవ్, లేకుంటె లేదు."

"పాడుత" అంది చిట్టెమ్మ. "రత్నాకరన్నను గూడ పాడమనుండ్రి సార్. ఆయన లేకుంటె నాకు దారి దొరకది."

మూలన మిర్చి బజ్జీ నోట్లో పెట్టుకోబోతున్న రత్నాకర్ చెయ్యి ఆగింది. "నన్నెందుకమ్మా నడుమ గుంజుతున్నవ్? నేనేం జేసిన?"

చిట్టెమ్మ అతనికి చెప్పడం మొదలుపెట్టింది. అతని రాగం ఎక్కడ ఆగుతుందో, దాని మీద తనది ఎట్లా కూర్చుంటుందో, ఎక్కడ వదిలిపోయిందో చేతులతో చూపిస్తూ చెప్పింది. గదిలో మిగిలిన మాటలన్నీ ఆగిపోయి అందరూ తననే వింటున్నారని సగంలో గాని గమనించలేదు. గమనించాక మాట తడబడింది. అయినా మిగిలిన సగం కూడా చెప్పింది.