ఎడమ ముందు చక్రం

ఉదయం ఆరూ ఇరవైకి, దసరా ముందు రోజు, నిజామాబాద్‌లోని తమ ఇంటి గేటు లోపల సుకన్య తన భర్త కారు ఎడమ ముందు చక్రం మీద బాత్రూం కడిగే యాసిడ్ పోసింది. పావు సీసా పట్టింది. పోస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఆమె ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదకొండేళ్లుగా కెమిస్ట్రీ చెబుతోంది. అల్యూమినియం మీద యాసిడ్ పడితే పైపొర పోతుందని, బుడగలు వస్తాయని, లోహం కరిగిపోతుందని ఏటా బోర్డు మీద రాస్తుంది. ఆ కారు చక్రాలు అల్యూమినియం కలిసిన అల్లాయ్.

కారు రెండేళ్ల కింద వచ్చింది. భర్త రాందాస్ మార్కెట్ యార్డులో పసుపు కమీషన్ వ్యాపారం చేస్తాడు. వారంలో మూడు రోజులు హైదరాబాద్ రోడ్డు మీద ఉంటాడు. ఆ దారిలో ఇందల్వాయి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉండాలి. బ్రేకుల నుంచి రాలే పొడి చక్రాలకు పడుతుంది, వేడికి కాలి నల్లగా అతుక్కుంటుంది, తడి తగిలితే తుప్పు రంగుకు తిరుగుతుంది. ముందు చక్రాలకు ఎక్కువ. కారు వచ్చిన మొదటి ఆదివారమే రాందాస్ అన్నాడు, "సర్వీసింగోళ్లకిస్తే గీతలు వెడ్తరు. నీ చెయ్యి మెత్తగుంటది, నువ్వే కడుగు." ఆ మాటకు ఆ రోజు సుకన్యకు సంతోషం వేసింది. తర్వాత చాలా ఆదివారాలు, బకెట్టు ముందు పీట మీద కూర్చున్నప్పుడు, ఆ సంతోషం గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసేది.

కడగడం ఆమె తనంతట తనే నేర్చుకుంది. చక్రం చల్లబడే దాకా ఆగాలి. పొడిగుడ్డతో తుడవకూడదు, ఆ పొడి ముక్కులోకి పోతుంది. ముందు నీళ్లు ధారగా కొట్టాలి. చక్రాలకు వేరే బకెట్టు, వేరే గుడ్డ. కారు షాంపూ, మెత్తటి బ్రష్షు, బోల్టుల సందుల్లోకి పాత టూత్‌బ్రష్షు. నురగ ఆరేలోపు కడిగెయ్యాలి, అందుకని ఒక్కో చక్రమే చెయ్యాలి. నాలుగు చక్రాలకు గంటన్నర. అన్నీ అయ్యాక కారును వీధి చివరి దాకా నడిపి, రెండు మూడు సార్లు బ్రేకు తొక్కి, తడి బ్రేకుల్ని ఆరబెట్టాలి. ఈ చివరి పని మాత్రం రాందాస్ చేస్తాడు. సుకన్యకు నాలుగేళ్ల కిందే లైసెన్సు వచ్చింది. కారు వచ్చిన కొత్తలో నెలరోజులు నడిపింది కూడా. ఆ తర్వాత లైసెన్సు బీరువాలో ఉంది. కాలేజీకి ఆమె షేర్ ఆటోలో వెళ్తుంది.

ఆ రోజు పొద్దున ఐదున్నరకే ఆమె చక్రాల దగ్గర కూర్చుంది. మర్నాడు దసరా, బండికి పూజ. పోయిన దసరాకు చక్రాలకు పెట్టిన పసుపు కుంకుమ మరకలు ఎన్ని ఆదివారాలు కడిగినా పోక బోల్టుల చుట్టూ ఇంకా ఉన్నాయి, వాటి మీద వదలని నలుపు పేరుకుంది. రాందాస్, అతనితో యార్డులో కలిసి వ్యాపారం చేసే వెంకటి మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఆరు దాటినా మొదటి చక్రమే కాలేదు.

"గంట సంది గోకుతనే ఉన్నవ్," అన్నాడు రాందాస్. "గిట్లయితే దసరా ఎల్లిపోతది. అమ్మా, బాత్రూంల యాసిడ్ సీసా ఉంటది, జర తే."

అత్తగారు చంద్రవ్వ సీసా తెచ్చింది. కమ్మర్‌పల్లిలో నలభై ఏళ్లు పసుపు ఉడికించి, ఆరబోసి, ఎత్తిన మనిషి. ఆమె అరచేతులు ఎండాకాలం మడిలా పగిలి ఉంటాయి.

"అది వద్దు," అంది సుకన్య. "అల్యూమినియానికి యాసిడ్..."

"ఇగో, క్లాసు షురువైంది. ఏం వెంకటీ, ఫీజు కట్టినవా?"

వెంకటి నవ్వాడు. "వదినా, మమ్ములను ఫెయిల్ చేయకు," అన్నాడు.

సుకన్య కూడా నవ్వింది.

ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఆమె తర్వాత చాలాసేపు ఆలోచించింది. నలుగురిలో మాట పడిన ప్రతిసారీ ఆమె ముందు తనే నవ్వేది. అట్లా నవ్వితే అది మాట పడినట్టు కాదు, సరదా అయినట్టు. పెళ్లయిన ఏడాదే అలవాటైంది. కూరలో ఉప్పు తగ్గిందని ఆడబిడ్డ అంటే నవ్వింది. "జీతం పేరుకే, చాయ్ ఖర్చుకు రాదు" అని రాందాస్ అంటే నవ్వింది. కాలేజీలో ప్రిన్సిపాల్ ల్యాబ్ సామాన్లు కడిగే పని "లేడీస్ అయితే నీట్‌గా చేస్తారు" అని ఆమెకిస్తే, స్టాఫ్ రూంలో అందరితో పాటు నవ్వి, సాయంత్రం ఆగి పరీక్షనాళికలు కడిగింది. తెలిసిన విషయం నోటి దాకా వచ్చాక దాన్ని నవ్వుగా మార్చడం ఆమెకు చేతనైనంత బాగా వేరే ఏదీ చేతకాదు.

నవ్వి లేచి, లోపలికి వెళ్లి, గిన్నెలు కడిగే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని వచ్చి, యాసిడ్ పోసింది.

చక్రం బుసబుసా నురగ కక్కింది. తెల్లటి పొగ లేచింది, ముక్కు మండింది. తుప్పు రంగు నీళ్లు టైరు మీదుగా కారి గచ్చు మీద పారాయి. నలుపు నిజంగానే వదిలింది. "సూసినవా!" అన్నాడు రాందాస్. నలుపుతో పాటు మెరుపూ పోయింది. పొర లేచి, బూజు పట్టినట్టు తెల్ల మచ్చలు తేలాయి. రాందాస్ మెట్ల మీది నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా రుద్దాలె. మచ్చ పోతది," అన్నాడు.

"జరుగు బిడ్డ, నేను రుద్దుత," అని చంద్రవ్వ చక్రం ముందు కూర్చుని, పీచుతో, వట్టి చేతులతో రుద్దింది. సుకన్య చేతులకు గ్లౌజులున్నాయి. ఆమె నిలబడి చూసింది. నాలుగు నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత చంద్రవ్వ పీచు వదిలేసి చెయ్యి ఒళ్లో దాచుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు రాందాస్. తల్లి చెయ్యి చూసి సుకన్య వైపు తిరిగాడు. "యాసిడ్ గింత ఘాటుంటదని తెల్వదా నీకు? కెమిస్ట్రీ చెప్తవ్ కద!"

వెంకటి చూస్తున్నాడు.

"తెల్వదు," అంది సుకన్య.

ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని పెరట్లో నల్లా కిందికి తీసుకెళ్లింది. నీళ్లు ధారగా వదిలింది. ఇరవై నిమిషాలు ఆపకూడదు. వాచీ చూసుకుంది, ఆరూ ఇరవై ఎనిమిది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆమె అత్తగారి చెయ్యి ఇంతసేపు పట్టుకోవడం అదే మొదలు. పగుళ్లు ఎర్రబడి ఉన్నాయి, రెండు చోట్ల తోలు తెల్లగా లేచింది.

"అమ్మకు పసుపు రాయి," ముందు నుంచి రాందాస్ అరిచాడు. "మంట గుంజేస్తది."

"పసుపు వద్దు. నీళ్లే," అంది సుకన్య. "చక్రం మీద నీళ్లు గుమ్మరించండి. బాగా పొయ్యాలె." బకెట్ల చప్పుడు వినిపించింది. పోస్తున్నది వెంకటి.

చంద్రవ్వ నీళ్ల వైపే చూస్తూ, "ఊకో బిడ్డ. సీసా తెచ్చింది నేనే కద," అంది.

సుకన్య నల్లా ధార ఇంకొంచెం పెంచింది. "నాకు తెల్సు అత్తమ్మా. తెలిసే పోసిన."

"నాకెరుకే. సేతులకు తొడుగులు ఏస్కొని వస్తివి గద. గప్పుడే అనుకున్న."

సుకన్య తన చేతుల వైపు చూసుకుంది. గ్లౌజులు ఇంకా తీయలేదు. ఒక్కొక్కటే పీకి గచ్చు మీద పడేసింది.

"మరి నువ్వెందుకు రుద్దినవ్?"

"ఆడు నిలవడి సూస్తుండె గద," అంది చంద్రవ్వ. "రుద్దుడు షురువు జేసినంకనే మంట తెల్సింది. ఇప్పుడు లేస్తే ఏమనుకుంటడో అని రుద్దిన."

ఆరూ నలభై ఎనిమిదికి సుకన్య నల్లా కట్టేసింది. చంద్రవ్వ చేతికి ఉతికిన తెల్లగుడ్డ వదులుగా చుట్టింది. లోపలికి వెళ్లి బీరువాలోంచి లైసెన్సు తీసుకుంది, మేకుకు ఉన్న కారు తాళాలు తీసుకుంది.

ముందు గదిలో రాందాస్ ఫోన్ చూస్తున్నాడు, పక్కనే వెంకటి ఉన్నాడు. "యాడికి?"

"దవాఖానకు."

"గింతదానికి దవాఖానా? పండుగ పూట... ఆగు, చాయ్ తాగి నేను తీస్కపోత."

"నేను తీస్కపోత."

"నీకు నడుపస్తదా? ఎన్నొద్దులైంది ముట్టక!"

వెంకటి నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. సుకన్యకు కూడా నవ్వు వచ్చింది, పెదవుల దాకా వచ్చింది. ఆమె నవ్వలేదు.

"వెంకటన్నా," అంది. "ఇందాక నీ ముందట తెల్వదన్న. తెల్సు నాకు. యాసిడ్ పోస్తే చక్రం ఖరాబైతదని తెల్సు. చెయ్యి కాల్తదనీ తెల్సు. తెల్సినా పోసిన. అత్తమ్మ వట్టి చేతులతోని రుద్దుతుంటే నిలవడి చూసిన."

రాందాస్ ఫోను ఒళ్లో పెట్టుకున్నాడు.

చంద్రవ్వ ముందు సీట్లో కూర్చుంది, చుట్టిన చెయ్యి పైకెత్తి పట్టుకుంది. సుకన్య సీటు ముందుకు జరుపుకుంది, వెనక చూసే అద్దం తన ఎత్తుకు దించుకుంది. రెండుసార్లు బండి ఆగిపోయింది. మూడోసారి కదిలింది.

ఏడు గంటలకు కారు గేటు దాటింది. ఎడమ ముందు చక్రం తెల్లగా ఉంది. వీధి చివర మలుపు దాకా సుకన్య మూడుసార్లు బ్రేకు తొక్కింది. మొదటి రెండుసార్లు తడి చప్పుడు వచ్చింది. మూడోసారి బ్రేకు పట్టింది.