గొర్రెలు మేసిన బొమ్మ

మా థార్న్ ఊళ్ళో ఊటకు ఏటా క్రీస్తు ఆరోహణ పండుగనాడు పూల బొమ్మ నిలబెడతారు. పూర్వం ఒక కరువులో చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయినా కొండ కింది ఈ ఊట మాత్రం ఆగలేదట. ఆ మేలు మరవకుండా, పలక మీద బంకమట్టి పూసి, పూరేకలు ఒత్తి బొమ్మ కట్టడం మావాళ్ళ ఆనవాయితీ. నేను ఏనాడూ అటు పోలేదు. నాకెవరేం ఒరగబెట్టారని దండాలు పెట్టాలి?

ఈ ఏడు మార్చి నుంచి చుక్క వాన లేదు. కొండమీద మా బావి అడుగు కనిపించింది. తల్లి గొర్రెలకు పాలింకిపోయి, పిల్లలు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాయి. ఇక మంద దక్కదనిపించింది. పండుగ వారంలో పశువులను ఊట దగ్గరికి తోలకూడదని కట్టుబాటు. అయినా పండుగ ముందు రోజు మధ్యాహ్నం తోలుకెళ్ళాను. బొమ్మ కట్టే ఆడవాళ్ళు టీకి వెళ్ళారు. ఊట గోడకు ఆనించిన పలక మీద, కడవలు మోసే కరువునాటి మనుషులు, వాళ్ళ పైన తెల్లటి మేఘాలు.

గొర్రెలు తొట్టిలో తాగాయి. నేను మొహం కడుక్కుని తలెత్తేసరికి సగం బొమ్మ మేసేశాయి.

బొమ్మ పనికి పెద్ద దిక్కు హెట్టీ స్విండెల్. ఆమే ముందొచ్చింది.

“ఒరేయ్ రూబెన్! మేఘాల్ని మింగించావు కదరా! ఇక వానెక్కణ్ణుంచి పడుద్ది?”

“తిట్టు అక్కా, పడతా. నీళ్ళు మాత్రం ఆపకు. పిల్లలు చచ్చిపోతాయి.”

“ఆపడానికి ఇదేమన్నా మా తాత తవ్వించాడా? ఆ కరువులో మనోళ్ళూ మందల్ని ఇట్టాగే తోలుకొచ్చుంటారు. రేపూ తోలుకురా, వాన పడేదాకా తోలుకురా. పాదిరిగారికి నేను చెప్తాలే.”

వెనకనుంచి ఆమె చెల్లెలు డిల్లీస్ అందుకుంది: “పండక్కి ఏనాడూ రానోడు మందతో సహా దిగాడు. ఇంకేం కావాలక్కా!”

అందరూ నవ్వారు.

బొమ్మ మళ్ళీ కట్టడానికి రేకలు మిగల్లేదు. నేలమీద పుట్టి పెరిగిందేదైనా బొమ్మకు పనికొస్తుంది, ప్లాస్టిక్కే కూడదు. నేను ముళ్ళకంచెకు చిక్కుకున్న ఉన్ని ఏరుకొచ్చాను.

“మేఘాలకు ఇది సరిపోద్దా అక్కా?”

“సరిపోద్ది. కిందనుంచి పైకి ఒత్తు, కప్పుమీద పెంకుల్లాగా. లేకపోతే వాన లోపలికి దిగుద్ది.”

“వానా?” అన్నాను.

“ఒత్తరా ముందు.”

మర్నాడు పాదిరిగారు ఊటను దీవిస్తుంటే టోపీ తీసి వెనక నిలబడ్డాను. నాకు ప్రార్థనలు రావు. తొట్టి పక్కన పిల్లలు తల్లుల పొట్ట కింద దూరి, తోకలాడిస్తూ పాలు కుడుస్తున్నాయి.

“చల్లగా ఉండు తల్లీ,” అన్నాను, ఊటకూ హెట్టీకీ కలిపి.