నలభై రోజులు వచ్చిన సెల్లు

పర్చూరు బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే ఇమాం హుస్సేన్‌ని నేనే. సెల్లు ఎలా వాడాలో ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నన్నడిగి తెలుసుకునేవాళ్లు. టార్చిలో నీరసించిన పెద్ద సెల్లు రేడియోలో ఇంకా పాట పాడుతుంది. చిన్న రేడియోలో అయిపోయిన పెన్సిల్ సెల్లు గోడ గడియారాన్ని మరో మూణ్ణెల్లు నడుపుతుంది. కొత్తదీ పాతదీ కలిపి వేయకూడదు, ఊరెళితే తీసి పెట్టాలి, లేకపోతే కారి డబ్బా పాడవుతుంది. ఇవన్నీ నోటితో చెప్పేవాణ్ణి, ఎదుటివాడు విసుక్కున్నా వదిలేవాణ్ణి కాదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే కొత్తది కొనుక్కోపొమ్మని కసురుతున్నాను.

మా చెల్లెలు ఖాదర్‌బీ కూతురు సిద్దికాకు పుట్టుకతో చెముడు. దానికి మూడో ఏడు నడుస్తుండగా, తొంభై ఎనిమిదిలో, ఒంగోల్లో క్యాంపు పెట్టి చెవి మిషన్లు ఊరికే ఇస్తున్నారంటే నేనే తీసుకెళ్లాను. మెడలో వేలాడే చిన్న డబ్బా, అందులోంచి చెవికి ఒక తీగ, లోపల ఒక పెన్సిల్ సెల్లు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఉండాలండీ, మధ్యలో ఆపొద్దు" అన్నాడు అక్కడి కుర్ర డాక్టరు. విన్నాను. ఊరికే ఇచ్చేవాడికి సెల్లు కొనేవాడి బాధేం తెలుసు అనుకున్నాను. చెల్లెలికి ఆ ముక్క చెప్పలేదు.

ఇంటికొచ్చి మిషను పెట్టి ఖాదర్‌బీ "సిద్దికా" అని పిలిచింది. పిల్ల ఉలిక్కిపడి, తల్లి నోటి మీద చెయ్యి పెట్టి చూసింది. రోజంతా మిషను పెట్టుకుని నాలుగు రోజులూ తల్లి కొంగు వదల్లేదు. ఐదో రోజు సెల్లు అయిపోయింది.

"వారానికి రెండు సెల్లులంటే మావల్ల ఏమవుద్దన్నా? ఆయన మిరప బస్తాలు మోసింది తిండికే చాలట్లా" అంది చెల్లెలు.

"నేనున్నాగా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. కొట్లో సెల్లులు పెట్టెల్లో ఉన్నాయి. ఒక పెట్టె ఇచ్చినా నా కొట్టు మునిగేది కాదు. అది ఇవ్వకుండా తెలివి ఇచ్చాను.

"ఇంట్లో దానికి వినాల్సిందేముందే? సైగ చేస్తే తెలుసుకుంటది. అంగన్‌వాడీలో ఉన్న రెండు గంటలూ పెట్టు. ఇంటికి రాగానే ఆపెయ్."

ఖాదర్‌బీ నా మాట జవదాటలేదు. సెల్లు నలభై రోజులు వచ్చింది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను.

పిల్ల ఊరుకోలేదు. వాళ్లమ్మ పక్కింటావిడతో మాట్లాడుతుంటే మెల్లగా మీట నొక్కుకుని గోడవారగా కూర్చునేది. చెల్లెలు చూసి చేతి మీద ఒకటి వేసేది. నేను చూపుడువేలు ఆడించి బెదిరించేవాణ్ణి. ఆపితే తల నిమిరేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఇంటి గుమ్మంలోనే తనంతట తనే ఆపుకోవడం నేర్చుకుంది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాం.

ఆరేళ్లొచ్చాయి. ఒక్క మాట రాలేదు. బళ్లో చేర్చబోతే పరీక్ష చేయించుకు రమ్మన్నారు. ముగ్గురం గుంటూరు వెళ్లాం. అక్కడ చెవి పరీక్షలు చేసే మేడం, "మిషను రోజుకెన్ని గంటలు పెడుతున్నారు?" అని అడిగింది.

"ఒక్క సెల్లు నలభై రోజులు తెప్పిస్తన్నామండీ" అన్నాను గొప్పగా.

ఆమె రాయడం ఆపేసింది. "మాటలు అంగన్‌వాడీలో రావండీ. ఇంట్లో వస్తాయి. వాళ్లమ్మ వంట చేస్తూ విసుక్కుంటుంటే, మీరంతా కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే వినీ వినీ వస్తాయి. వినాల్సిన మూడేళ్లూ వినకుండా చేశారు."

"ఇప్పట్నుంచి రోజంతా పెడితే అండీ?"

"పెట్టండి. చప్పుళ్లు తెలుస్తాయి, నాలుగు మాటలు వస్తే రావచ్చు. అందరిలా మాట్లాడుతుందని మాత్రం నేను చెప్పలేను."

"ఈ సంగతి ఆ క్యాంపులోనే ఒక్క ముక్క చెప్పుంటే ఏం పోయేదండీ?" అంది ఖాదర్‌బీ. నేను తలొంచుకున్నాను.

తిరుగు బస్సులో, చిలకలూరిపేట దాటాక చెప్పేశాను. క్యాంపులో చెప్పారనీ, నేనే దాచాననీ. తిడుతుందనుకున్నాను. నిద్రపోతున్న పిల్లను నా ఒళ్లోంచి తన ఒళ్లోకి తీసుకుంది. ఇల్లు చేరేదాకా నావైపు చూడలేదు.

నేను కొట్టుకు పరిగెత్తి పెట్టెడు సెల్లులు తెచ్చి వాళ్ల మంచం మీద పెట్టాను. కొత్తది వేసి మీట నొక్కాను. ఖాదర్‌బీ పిల్ల ముందు కూర్చుని, "సిద్దికా" అని పిలిచింది.

పిల్ల ఉలిక్కిపడింది. తల్లి నోటికేసి చూసింది. తర్వాత భయంగా నావైపు చూసి, చటుక్కున మీట ఆపేసి, నిమరమన్నట్టు తల వంచింది.

ఆపొద్దని చూపుడువేలు ఆడించాను. సరిగ్గా ఆగలేదేమో అనుకుని మీటను ఇంకా గట్టిగా నొక్కింది. నేను మళ్లీ వేశాను. మళ్లీ ఆపింది. తప్పేం చేసిందో తెలియక దాని పెదవులు వణుకుతున్నాయి.

"చెప్పన్నా" అంది ఖాదర్‌బీ, బస్సులో చెప్పిన దగ్గర్నుంచి మొదటిసారి నా మొహంలోకి చూస్తూ. "ఆపొద్దని నువ్వే చెప్పు దానికి."