సూరమ్మ కుడికాలు

మత్తయి నడిపే ఆటోలో వెనక కూర్చున్నప్పుడల్లా అతని భార్య సూరమ్మ కుడికాలు ఊరుకోదు. ఎదర గేదె అడ్డమొచ్చినా, పక్కనుంచి బస్సు దూసుకొచ్చినా, వెనక అడుగురేకు మీద టప్పుమని చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మత్తయి తనలో తను నవ్వుకునేవాడు. పాపం, పదహారేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో వంటచేసి వచ్చిన మనిషి, మన రోడ్లంటే హడలిపోతోంది అనుకునేవాడు. ఇరవై ఏడేళ్ళుగా రాజోలు స్టాండులో ఆటో నడుపుతున్నవాడికి ఆ మాత్రం గర్వం ఉండటంలో తప్పేమీ లేదు.

సూరమ్మ తిరిగొచ్చి రెండేళ్ళయింది. ఆమె పంపిన డబ్బుతోనే ఇల్లు లేచింది. కూతురు బ్లెస్సీ నర్సు చదువు పూర్తిచేసి కాకినాడలో ఉద్యోగంలో చేరింది. మత్తయి పాత ఆటో పోయి కొత్తది వచ్చింది. ఇంత చేసిన మనిషి తనకంటూ ఒక్కటీ అడగలేదు. "నీకేం కావాలే?" అంటే, "నాకేం వద్దండి, అన్నీ ఉన్నాయి కదండీ" అంటుంది. క్రిస్మస్‌కి అడిగాడు, పెళ్ళిరోజుకి అడిగాడు, మామూలు రోజుల్లోనూ అడిగాడు. అదే జవాబు. ఇది నాది అని ఆమె మురిసిపోయే వస్తువు ఒక్కటైనా కొనివ్వకపోతే తన మనసు కుదుటపడదని మత్తయికి తెలిసిపోయింది. బ్యాంకులో మిగిలిన డబ్బు కూడా ఆమెదేననీ, కొనివ్వడానికి తనెవరనీ మాత్రం అతనికి తట్టలేదు. ప్రేమ ఎక్కువైనప్పుడు మగవాళ్ళకి ఇలాంటివి తట్టవు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక సూరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో ఏదో చూస్తోంది. ఆమె కళ్ళజోడు పెట్టేది బైబిలు చదవడానికే. మత్తయి భుజం మీంచి తొంగిచూశాడు. నీలం రంగు కారు. నేలకి అతుక్కున్నట్టు పొట్టిగా, పొడుగ్గా, కోపంగా ఉంది. సూరమ్మ రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి స్టీరింగు చూస్తోంది.

"ఏంటే అది?"

"ఏం లేదండి. అమ్మకానికుందంటండి. ఊరికే చూస్తున్నానండి," అంటూ ఫోను బోర్లా పెట్టేసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మంగళవారం మళ్ళీ చూసింది, గురువారం మళ్ళీ చూసింది.

స్టాండులో ఈ సంగతి చెబితే తోటి ఆటో డ్రైవరు వెంకటరాజు పగలబడి నవ్వాడు. "అదా అన్నా! అంబాజీపేట కొబ్బరి వ్యాపారం సత్యప్రసాద్ గారిదది. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయి. టర్బో ఉంది, తొక్కితే ఎనకనించి పదిమంది తోసినట్టుంటాది. హైదరాబాదులో మోజుపడి కొనేసేరు. ఇక్కడ స్పీడ్‌బ్రేకరు వచ్చిందంటే చాలు, పొట్ట రాసేసుకుంటాది. పైగా ఆయనది లావు ఒళ్ళు, ఎక్కితే దిగలేరు. ఏడాదైంది, కొబ్బరికొట్లో పెట్టి దుప్పటి కప్పేసేరు."

మత్తయికి అంతా అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాడు. జీవితమంతా మూడు చక్రాల మీద గడిపిన మొగుణ్ణి ఒక్కసారైనా దొరలా కారులో కూర్చోబెట్టాలని సూరమ్మ ఆశపడుతోంది! కానీ ఆ బండి ధరకి మూడు కొత్త ఆటోలొస్తాయి. తన కోసం ఆమె కష్టార్జితం అలా తగలెయ్యడమా? అందుకని ఒక ఉపాయం పన్నాడు. ఆమెని తీసుకెళ్ళి బండి చూపించాలి. అది మన రోడ్లకి పనికిరాదని ఆమెచేతే అనిపించాలి. తర్వాత నిదానంగా ఆమెకి రెండు గాజులు చేయించాలి.

ఈ ఉపాయంలో ఒకటే గండం ఉంది, భోజనం. మా వైపు బేరానికి వచ్చినవాళ్ళకి అన్నం పెట్టకుండా పంపరు. తిన్నాక ఆ ఇంటివాళ్ళతో వద్దండీ అనడానికి నోరు రాదు. వద్దన్నా పెట్టినవాళ్ళు ఒక్క మాటా అనరు, చిరునవ్వుతో గుమ్మందాకా సాగనంపుతారు, వచ్చిన చిక్కల్లా అదే. నాలుగేళ్ళ కిందట మత్తయి ఒక గేదెను చూడ్డానికని కొత్తపేట వెళ్ళి, పనసపొట్టు కూరతో తిని, పెరుగు రెండుసార్లు వేయించుకుని, చివరికి పాలివ్వని గేదెని వ్యానెక్కించుకుని వచ్చాడు.

"అక్కడేమీ తినకు. మంచినీళ్ళు పర్లేదు," అని దారిలోనే చెప్పాడు.

"ఆయ్, అలాగేనండి," అంది సూరమ్మ. ఎదర లారీ ఆగింది. వెనక రేకు టప్పుమంది.

సత్యప్రసాద్ గారు వీధిలోకి ఎదురొచ్చారు. ఆయన భార్య గాయత్రి గారు ఆయన వెనకే చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చారు. "సరిగ్గా భోజనాల వేళకి వచ్చేరు. చేతులు కడుక్కోండి. పులుసు ఇప్పుడే దింపేను."

లోపల్నుంచి చేపల పులుసు వాసన వచ్చి మత్తయి ముక్కుని పట్టుకుంది. అతను గుటకవేసి, "ముందు బండి చూస్తామండి," అన్నాడు.

"చూద్దురుగానండీ, బండెక్కడికి పోతాదండి?" అన్నారు సత్యప్రసాద్ గారు.

"లేదండి, ముందు బండేనండి."

గాయత్రి గారికి విషయం అర్థమై నవ్వుతూ చెంబు అరుగు మీద పెట్టారు.

దుప్పటి తీస్తే బండి నీలంగా మెరిసింది. లోపలంతా ఎండుకొబ్బరి వాసన. సూరమ్మ బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. మత్తయి స్టీరింగు ముందు కూర్చున్నాడు, ఆమె పక్కన కూర్చుంది. గేర్లు మార్చే పనిలేని బండి, తొక్కితే పోతుంది, అంతేనండి అని సత్యప్రసాద్ గారు చెప్పారు. ఎదర, లారీకెత్తడానికి పోసిన కొబ్బరికాయల రాశి ఉంది. మత్తయి కొద్దిగా తొక్కాడు. బండి ఒక్క క్షణం ఆలోచించి, ఒక్కసారిగా ముందుకురికింది.

ఆటోలో వేగమంతా చేతిలో ఉంటుంది. కుడికాలి కింద ఉండేది బ్రేకు. ఇరవై ఏడేళ్ళుగా గాభరా పుట్టినప్పుడల్లా మత్తయి కుడికాలు చేసే పని ఒక్కటే. ఇప్పుడూ అదే చేసింది, బలమంతా పెట్టి తొక్కింది. తొక్కిందేమో యాక్సిలరేటరు. బండి ఇంకా గట్టిగా అరుస్తూ రాశి మీదికి పోయింది. అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి గేరు కడ్డీని న్యూట్రల్‌లోకి తోసి, హ్యాండ్‌బ్రేకు పైకి లాగింది. ఇంజను ఊరికే అరిచింది గాని బండి ఆగింది. అంచునున్న నాలుగు కాయలు దొర్లిపోయాయి.

"కాలు తియ్యండి," అంది సూరమ్మ మెల్లగా.

"పర్లేదండి, కాయలకేగా తగిలింది. కాయలకేమవుతాదండి," అని సత్యప్రసాద్ గారు పరిగెత్తుకొచ్చి మర్యాదగా అన్నారు. ఆయన మొహం పాలిపోయింది.

మత్తయి భార్యకేసి చూశాడు. "నీకెలా తెలుసే?"

సూరమ్మ చేతిసంచిలోంచి బైబిలు తీసింది. దాని మధ్యలోంచి ఒక కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. డ్రైవింగ్ లైసెన్సు. మీద సూరమ్మ బొమ్మ, పోయినేటి తారీకు.

"ఆధార్‌లో పేరు తప్పుపడిందని అమలాపురం రెండుసార్లు వెళ్ళేవు..."

"ఆయ్. ఇందుకేనండి," అంది తలొంచుకుని. "ఓ రౌండు నేను నడపనాండీ?"

మత్తయి దిగి చుట్టూ తిరిగి వచ్చేసరికి సూరమ్మ ఎడమ సీటులోనే సర్దుకుని కూర్చుని, కాళ్ళతో పెడళ్ళకోసం వెతుకుతోంది. చటుక్కున నాలుక కరుచుకుంది. "కువైట్‌లో స్టీరింగు ఇటేపుంటాదండి. అలవాటు పోలేదు," అంటూ కుడివేపు సీటుకి మారింది.

బండి కొబ్బరికొట్టు దాటి కాలవగట్టు రోడ్డెక్కింది. అదే బండి ఇప్పుడు చెప్పినమాట వింటోంది. స్పీడ్‌బ్రేకరు వస్తే సూరమ్మ కాస్త ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రమే ఎక్కించి, పొట్ట తగలకుండా దాటించింది. ఎదర ఒక మేక అడ్డమొచ్చింది. మత్తయి కుడికాలు పోయి కింద పట్టాని గట్టిగా తొక్కింది. తొక్కాక అతను ఆ కాలికేసి చూసుకున్నాడు. రెండేళ్ళుగా వెనక రేకు మీద వింటున్న చప్పుడేమిటో అప్పుడు తెలిసింది. ఆమె భయపడలేదు. బ్రేకు వేస్తోంది.

"ఎన్నాళ్ళు నడిపేవే?"

"ఆరేళ్ళండి. వాళ్ళ డ్రైవరు మానేస్తే మేడమే నేర్పించి లైసెన్సు తీయించింది. అచ్చం ఇలాంటి బండేనండి, రంగే తేడా. పొద్దున్న పిల్లల్ని బడి దగ్గర దింపి వెనక్కి రావాలి. వచ్చేటప్పుడు ఇరవై నిమిషాలు బండిలో నేనొక్కదాన్నే." ఆమె గొంతు తగ్గింది. "ఆ ఇరవై నిమిషాలూ సూరమ్మా అని ఎవరూ పిలవరండి. అంట్లుండవు, ఇస్త్రీ ఉండదు. అద్దాలు బిగించుకుని గట్టిగా పాటలు పాడుకునేదాన్ని. మీరూ బ్లెస్సీ గుర్తొస్తే ఏడ్చేదాన్ని. ఇల్లు చేరేసరికి మొహం తుడిచేసుకునేదాన్ని. ఆ ఇరవై నిమిషాల మీదే మిగతా రోజంతా లాగేసేనండి."

"మన పదింటికి ఫోను చేస్తే ఎత్తేదానివి కాదు. నేను అలిగేవాణ్ణి."

"ఆయ్. అప్పుడేనండి."

"మరి నాకెందుకు చెప్పలేదే, పిచ్చిదానా?"

"మనింట్లో డ్రైవరంటే మీరు కదండీ. చిన్నబుచ్చుకుంటారేమోనని."

మత్తయి కిటికీలోంచి కాలవకేసి చూశాడు. కళ్ళు మసకబారాయి. చిన్నబుచ్చుకున్న మాట నిజమే, కానీ దేనికో అతనికే సరిగ్గా తెలియలేదు. ఆమె కారు నడిపినందుకు మాత్రం కాదు. ఈ రెండేళ్ళలో ఆమెకి ఇరవై నిమిషాలెక్కడ దొరికాయని లెక్కవేసుకున్నాడు. తెల్లారితే పాలమనిషి, తర్వాత ఆడపడుచులు, మధ్యాహ్నం ప్రార్థనకొచ్చే ఆడవాళ్ళు, సాయంత్రం తను. వీధి తలుపు వేసుకునే అలవాటే లేని ఇల్లు. ఏం కావాలే అని అందరి మధ్యలో నిలబెట్టి అడిగితే ఏం చెబుతుంది?

కాలవ మీద చిన్న వంతెన వచ్చింది. "ఇక్కడాపు," అన్నాడు. ఆపింది. అతను దిగి తలుపు వేశాడు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదాండీ?"

"బానే ఉంది. నువ్వెళ్ళిరా."

"మీరో?"

"నేను పక్కనుంటే అది నీ ఇరవై నిమిషాలెలా అవుతాదే? వెళ్ళు."

సూరమ్మ అతనికేసి చాలాసేపు చూసింది. తర్వాత అద్దాలు పైకెత్తింది. బండి ఒకసారి గుర్రుమని, గట్టు మలుపులో కొబ్బరిచెట్ల వెనక మాయమైపోయింది.

మత్తయి వంతెన గోడ మీద కూర్చున్నాడు. పావుగంట గడిచాక సత్యప్రసాద్ గారు ఫోను చేశారు.

"మత్తయిగారూ, బండి బానే ఉందాండీ?"

"బ్రహ్మాండంగా ఉందండి."

"ఎక్కడున్నారండీ?"

"వంతెన మీదండి."

"బండి?"

"అది మా ఆవిడ దగ్గరుందండి. ఎక్కడుందో నాకూ తెలీదండి."

"అలాగేనండి. పులుసు చల్లారిపోతాదంటోందండి, మా ఆవిడ," అని ఆయన పెట్టేశారు.

సూరమ్మ వచ్చేసరికి జుట్టు చెదిరింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొహం మాత్రం పెళ్ళినాటి మొహంలా ఉంది.

"ఏం చేసేవు?"

"పాడేనండి," అంది. అతను ఎక్కి కూర్చున్నాక బండి మెల్లగా వెనక్కి తిప్పింది. కొంతదూరం పోయాక మామూలు గొంతుతో మొదలుపెట్టింది. "వద్దండి ఈ బండి. టైర్లు నాలుగూ ఒకేసారి మార్చాలి. పెట్రోలు తాగేస్తాది. చిన్న సామాను పోయినా హైదరాబాదు నించి రావాలి. వానల్లో మన వీధిలోకి రాదు, గుడి దగ్గరే పెట్టుకోవాలి. మనకెందుకండి? నడిపేను కదా, నాకు చాలు."

చెప్పినవన్నీ నిజాలే. ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు ఈ మాటలే ఆమెచేత అనిపించాలని అతను పథకం వేసుకున్నాడు. ఇప్పుడు ఒక్కొక్కటే వింటుంటే ఒక్కొక్కటీ మనసులో గుచ్చుకుంది. నాకు చాలు అన్న మాట మరీను.

కొబ్బరికొట్టు ముందు బండి ఆగింది. సత్యప్రసాద్ గారు ముందు బంపరు చూసి, తర్వాత వీళ్ళని చూసి ఊపిరి పీల్చుకున్నారు. గాయత్రి గారు గుమ్మంలోకి వచ్చారు.

"భోజనానికి కూర్చుంటారా, వెళ్ళిపోతామంటారా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి అర్థం అక్కడున్న నలుగురికీ తెలుసు.

"వెళ్తామండి, ఇంటి దగ్గర వండి పెట్టొచ్చేను..." అని సూరమ్మ అంటూండగానే మత్తయి అరుగు మీదున్న చెంబు అందుకున్నాడు. తన చేతులు కడుక్కోలేదు. భార్య ఎదరికొచ్చి చెంబు వంచడానికి సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో అతను ఆమెకి చేతుల మీద నీళ్ళు పొయ్యడానికి రావడం అదే మొదటిసారి.

"బండి నీది. తినాలో వద్దో నువ్వే చెప్పు," అన్నాడు. "టైర్ల సంగతి, గుడి దగ్గర పెట్టుకునే సంగతి నేను చూసుకుంటాను. రోజుకి ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకుండా కూడా నేనే చూసుకుంటాను. చెప్పవే, నీకేం కావాలి?"

సూరమ్మ చెంబుకేసి చూసింది, కొట్టు ముందు ఆగిన నీలం బండికేసి చూసింది. పెదవులు కదిలాయి గాని, నాకేం వద్దండి అన్న మాట ఈసారి బయటికి రాలేదు. కళ్ళు తుడుచుకుంది. గాజులు మోచేతి దాకా తోసుకుని, రెండు చేతులూ చాపింది.